ఖాళీ రోడ్డు మీద ఒకే పొగ

“ఇది ముట్టుకో, ఎన్‌త్వారీ.”

రువాండా రాజధాని కిగాలీలోని పాల కొట్టు వెనక గదిలో గూఢచారి విభాగం చీఫ్ ముకాగసానా ఒక గాజు సీసా ముందుకు తోసింది. ఏజెంట్ ఎన్‌త్వారీ వేలు పెట్టాడు. నల్లటి జిడ్డు. రెండుసార్లు సబ్బుతో కడిగినా వదల్లేదు.

“ఏంటి మేడమ్ ఈ అసహ్యం?”

“ఒక పాత డీజిల్ వ్యాన్ వారంలో కక్కింది. తమ దేశంలో తుక్కు కింద పడేసిన బళ్లను, పొగ ఫిల్టర్ పీకేసి మరీ మనకు అంటగడుతోంది ఒక విదేశీ ముఠా. మన కరెంటు మోటార్‌సైకిళ్లతో వాళ్ల బేరం పోయింది. అందుకే ఒక బ్యాటరీలో ట్రిగ్గర్ పెట్టారు. దాన్ని మిగతా బ్యాటరీల్లో కలిపి రెమెరా బ్యాటరీ స్టేషన్‌కు చేరుస్తారు. శనివారం పదకొండింటికి అక్కడ అంటుకుంటుంది. ఆ తర్వాత కరెంటు బండి ఎవడెక్కుతాడు?”

ఎన్‌త్వారీ తమ్ముడు మోటార్‌సైకిల్ టాక్సీ నడుపుతాడు. అతను ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండుది తీసుకునేది అక్కడే.

“తమ్ముడికి చెప్పొచ్చా?”

“వద్దు. పొక్కితే వాళ్లు వేరే స్టేషన్ చూసుకుంటారు. ముఠాలో మన మనిషి కేజా ఉంది. ఆ రోజు ఎంచింది ఆమే. నెల ఆఖరి శనివారం.”

ఎన్‌త్వారీకి అర్థమైంది. ఆ ఉదయం ఉముగాండా, నెలనెలా దేశమంతా చేసే శ్రమదానం. ఊరంతా వీధి పనిలో ఉంటుంది. పదకొండు దాకా పాస్ లేని బండి ఒక్కటీ కదలదు.

శనివారం అతను చిరుగు చొక్కాతో, రబ్బరు బూట్లతో రెమెరా వాలులో మురుగు కాలువ తవ్వుతున్నాడు.

“ఏమయ్యా, అది గుద్దలా, గొడుగా? అలా పట్టుకున్నావు!” పక్కనున్న ముసలామె ఎగతాళి చేసింది.

అందరూ నవ్వారు. పది యాభై. రోడ్డంతా ఖాళీ. అప్పుడు వాలు కింద నల్లటి పొగ లేచింది. ఎన్‌త్వారీ గుద్దలి ఆపి చూశాడు. ప్రభూ, నువ్విచ్చిన గాలిని మనిషి ఎందుకిలా ఎంగిలి చేస్తాడు?

జనం గుద్దళ్లతో రోడ్డుకు అడ్డం నిలబడ్డారు. డీజిల్ వ్యాన్ ఆగింది. స్టీరింగ్ దగ్గర ముఠా మనిషి, విదేశీయుడు లోరెంజ్, పక్కన ఎర్ర పట్టు స్కార్ఫ్‌లో కేజా.

“నాకు పాస్ ఉంది!” లోరెంజ్ కాగితం ఊపాడు.

కేజా నల్ల కళ్లద్దాలు తీసింది. “అది పోయిన నెలది.”

“నువ్వే కదా ఇచ్చావు!”

“అవును, నేనే.”

లోరెంజ్ గడియారం చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. “నన్ను దిగనివ్వండి! త్వరగా!”

వెనక ముప్పై బ్యాటరీలు. ఎన్‌త్వారీ వేడి కొలిచే పెన్ను ఒక్కోదానికి ఆనించాడు. చల్లన. చల్లన. ఇరవై ఏడోదానికి పెన్ను చివర ఎర్రగా వెలిగింది. పది యాభై తొమ్మిది. దాన్ని ఎత్తి కాలువలోకి విసిరాడు.

“మట్టి! మట్టి పోయండి!”

నలభై గుద్దళ్లు ఒక్కసారిగా లేచాయి. మట్టి ఉబ్బింది, కుళ్లు కంపు ఎగజిమ్మింది, అణిగిపోయింది.

“ఛీ!” ముసలామె ఉమ్మేసింది.

కాసేపటికి చప్పుడు లేకుండా ఒక మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. తమ్ముడు ముక్కు మూసుకున్నాడు. “ఏంటన్నా ఈ కంపు?”

“పాత సరుకులే. పూడ్చేశాం. నువ్వు పో.”

పోలీసులు లోరెంజ్ చేతులకు బేడీలు బిగించబోతుంటే ముసలామె తన గుద్దలి ముందుకు చాచింది.

“కాసేపు ఆగండి బాబూ. అందరి పనీ అయింది, ఈయన వంతు కాలువ అలాగే ఉంది.”