గడి గోడ మీద మునిగిన ఓడ

లక్సెట్టిపేట అవుతల, గోదారి ఒడ్డున పాడుబడ్డ గడి, ఒకప్పటి దొర బంగ్లా. పొద్దుగూకితే ఆ దిక్కు ఎవరూ పోరు. లోపలి అర్రల కట్టె దెబ్బలు వినవడ్తయంటరు... ఆ వెనకనే, గొంతెండిన మూలుగు.

దొర పారిపోయి మూడేండ్లయింది. దెబ్బలు మాత్రం పోలే.

ఆ గడికి రాత్రిపూట లాంతరు పట్టుకొని పోయింది మిషన్ బడి పంతులమ్మ రిబ్కమ్మ. తెల్లారితే దవఖాన కట్టడానికి సర్కారోళ్లు దాన్ని కూలగొడ్తరు.

జర్మనీ లడాయిల సముద్రం మీది పోరు గురించి రాసిన పాత పత్రికలు ఎక్కడున్నా ఏరి తెచ్చుకునేది ఆమె. రెండు పెట్టెలు నిండినయి. ఒక్క సంచికే దొరకలే. తనను కన్న బాపు అహరోను బొంబాయి పోయి ఓడల బొగ్గు పనికి కుదిరిండనీ, ఆ ఓడ ఫిరంగి దెబ్బకు మునిగిందనీ ముప్పై ఏడేండ్ల కింద దొర చెప్పిండు. చచ్చినోళ్ల పేర్లు ఆ సంచికలనే అచ్చయినయి. మంచంల పడ్డ కన్నతల్లి అవ్వది ఒకటే మాట: "ఉన్నడో పోయిండో చెప్పు బిడ్డా, కండ్లు మూస్త."

ఓడ బొమ్మలున్న పత్రిక కాగితాలు గడి లోపలి అర్ర గోడకు అంటించి ఉన్నయని సామాన్లు మోసిన కూలోళ్లు ఆ సాయంత్రమే చెప్పిండ్రు.

కావలి బాలమల్లు ఆ అర్ర తాళం తీసి గడప కాడనే ఆగిండు.

"జల్ది కానియ్యి బిడ్డా..."

"దొర పోయినా నీ వణుకు పోలేదా కాకా?"

తడిగుడ్డ అద్ది, కత్తి మొనతో కాగితం అంచు లేపింది. కాలుతున్న ఓడ బొమ్మ... నీళ్లల్ల చేతులు... దాని కింద పేర్లు.

ఫట్.

"కాకా, నువ్వేనా?"

"నేను కాదు..."

ఫట్... ఫట్...

పండ్లు బిగవట్టి చదివింది. మొదటి నుంచి చివరిదాక, రెండుసార్లు. అహరోను పేరు లేదు. పానం లేచొచ్చింది — బాపు బతికిండు! సర్రున కాగితం గుంజింది.

గోడ మీద ఎండిన నెత్తురు. అయిదు వేళ్లు గీరుకుంట కిందికి జారిన గుర్తు.

బాలమల్లు కూలబడ్డడు.

"నీ బాపు ఓడెక్కలే బిడ్డా... వెట్టికి రానన్నడని గీ అర్రలనే... సున్నమేసినా మరక తేలింది. గా పేపర్లు అంటించుమన్నడు దొర."

"కొట్టిందెవరు?"

బాలమల్లు తలగుడ్డ తీసి నేల మీద పెట్టిండు.

"కాకా... కొట్టిందెవరు?"

"దొర కట్టె ముట్టడు బిడ్డా..." గుసగుసగ అన్నడు. "చెయ్యి నాది."

లాంతరు అక్కడనే వదిలి చీకట్ల ఇంటికి నడిచింది. అవ్వ చెవిల చెప్పింది: "పోయిండవ్వా. మనల్ని ఇడిచి ఏడికీ పోలే. గీ ఊర్లనే పోయిండు."

అవ్వ పెద్దగ ఊపిరి ఇడిచి కండ్లు మూసింది. రిబ్కమ్మ ఆ చెయ్యి ఇడువలే. ఇరుగుపొరుగోళ్లు తెల్లందాక ప్రార్థన పాటలు పాడుకుంట రిబ్కమ్మ చుట్టే కూసున్నరు.

పొద్దున కూలోళ్లు అర్ర తలుపు పలగ్గొట్టిండ్రు. బాలమల్లు బోర్ల పడి చచ్చి ఉన్నడు. వీపు నిండ కట్టె వాతలు... ఇంకా పచ్చిగనే.

తలుపుకు గడియ లోపలి నుంచే పెట్టి ఉండె.