కుడి పక్క సీటు

ఉప్మాలో జీడిపప్పు పడిన సంగతి కూడా ధర్మేందర్ గమనించలేదంటే ఇంట్లో ఏదో పెద్ద విషయమే నడుస్తోందన్నమాట. ఆయన కళ్లు ప్లేటు మీద లేవు. కూతురు సుచిత్ర ఫోన్‌లో ఉన్న ఉద్యోగపు ఉత్తరం మీద ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం నడిపే మనిషి, చీరలో ఒక్క పోగు తప్పినా దూరం నుంచే పట్టేస్తాడు. ఈ ఉత్తరంలో రెండు లోపాలు పట్టేశాడు.

“డెబ్బై సీట్లేనా? పైంగ ఈ ఫోటోల బయటికి కనబడే పంకలా?”

“అవి ప్రొపెల్లర్లు నాన్నా.”

“పేరేదైతేంది, తిరిగేటివి పంకలే గదా! వనస్థలిపురంల నలుగురికి నేనేం జెప్పుకోవాలె? మా బిడ్డ పంకల విమానం నడుపుతదనా?”

సుచిత్ర పైలట్ లైసెన్సు తెచ్చుకుని రెండేళ్లు దాటింది. పెద్ద కంపెనీలేవీ పిలవలేదు. ఈ రెండేళ్లూ చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పింది. విమానం గాల్లోకి ఎట్లా లేస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించి, చాక్‌పీసు పొడి దులుపుకుని ఇంటికి వచ్చేది. ఇప్పుడు చిన్న ఊళ్ల మధ్య విమానాలు తిప్పే ఒక చిన్న కంపెనీ పిలిచింది. సాయంత్రం ఐదులోపు ఒప్పుకుంటున్నట్టు తెలపాలి. లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. నాన్న వద్దన్నా చేరిపోవచ్చు. కానీ తన చదువు కోసం ఇష్టంగా కొనుక్కున్న బడంగ్‌పేట్ ప్లాటును అమ్మేసిన మనిషిని ఏడిపించి విమానం ఎక్కడం ఆమె వల్ల కాదు.

“రెండోది. ఫస్ట్ ఆఫీసర్ అంటె ఏంది? కెప్టెన్ కాదా?” అన్నాడు ధర్మేందర్.

“కెప్టెన్ పక్కన కూసుంట. ఇద్దరం కలిసి నడుపుతం.”

“అంటె లారీల క్లీనర్ లెక్కనా?”

వంటింట్లోంచి మాలతి గరిటెతో సహా వచ్చింది. “క్లీనరేంది? ఆఫీసర్ అని రాసిండ్రు గదా. అందుల ఫస్టు గూడ!”

భార్య మాట ధర్మేందర్ చెవికెక్కలేదు. చక్రాలున్న దేని గురించైనా ఆయనకు సలహా కావాలంటే గోడ అవతలి సైదులే దిక్కు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు స్టీరింగ్ తిప్పి రిటైరైన మనిషి. పిలవగానే చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి, విషయమంతా విని, గొంతు సవరించుకున్నాడు.

“ఒక్కటే మాట అడుగుత బిడ్డా. నీ సీటు ఏ దిక్కు?”

“కుడి దిక్కు, పెద్దనాన్నా.”

సైదులు టేబుల్ మీద చరిచాడు. “అయిపాయె! స్టీరింగ్ ఎప్పటికైనా కుడి దిక్కే ఉంటది. ధర్మేందర్, పరేషాన్ గాకు. నీ బిడ్డనే డ్రైవర్! ఆ ఎడమ దిక్కోడు ఉత్తగ కూసునేటోడు.”

ధర్మేందర్ ముఖం వెలిగిపోయింది. పోచంపల్లిలో ఉన్న బావమరిదికి ఫోన్. ఎల్‌బీ నగర్‌లో ఉన్న తోడల్లుడికి ఫోన్. కాలనీ గ్రూపులో మెసేజ్: ‘మా సుచిత్రకు విమానంలో కుడి పక్క సీటు. మెయిన్ సీటు.’ అప్పుడు ప్లేటు వైపు చూసి, “జీడిపప్పు ఏసినవా? చెప్పనే లేదు!” అని భార్యను మందలించాడు.

సుచిత్ర నోరు మూసుకుంటే చాలు, ఉద్యోగం చేతికి వచ్చినట్టే. అబద్ధం కూడా తను చెప్పింది కాదు. కానీ ఏదో ఒక రోజు నాన్న తన విమానం ఎక్కుతాడు. ఎడమ సీట్లో ఉన్న కెప్టెన్ దగ్గరికి పోయి, ‘ఉత్తగ కూసుంటే ఎట్ల సారూ, మా బిడ్డకు జర సాయం చెయ్యుండ్రి’ అంటాడు. సుచిత్రకు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం వేసింది.

“నాన్నా, విమానంల కెప్టెన్ ఎడమ దిక్కు కూసుంటడు.”

చెంచా నోటి దగ్గర ఆగిపోయింది. సైదులు చాయ్ గ్లాసులోకి చూడసాగాడు.

“ఇప్పుడే అందరికి ఫోన్లు జేస్తిగద!” ధర్మేందర్ గొంతు లేచింది. “ఒద్దని రాసెయ్. పెద్ద కంపెనీ పిలిచేదాక ఇంటికాడనే ఉండు. ఎవని పక్కనో కూసుండెటందుకా నిన్ను సదివిచ్చింది?”

“రెండేండ్లు బోర్డు మీదనే ఎగిరిన నాన్నా! కెప్టెన్లందరు మొదలు కుడి సీట్లనే కూసున్నరు. ఆడ కూసోకుంటే ఎడమ సీటు ఎన్నటికి రాదు. నేను ఎగురుడు కావాల్నా నీకు, గ్రూపుల మెసేజ్ కావాల్నా?” సుచిత్ర ఏడ్చేసింది.

అప్పటిదాకా మూలన కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న నానమ్మ అండాలమ్మ, పళ్లెం పక్కన పెట్టి రోజూలాగే చెయ్యి పిసుక్కుంది.

“పక్కన కూసునుడు గంత తక్కువ పనారా? మీ నాయిన మగ్గం మీద కూసుంటె, ఆసు ఎవరు పోసిండ్రు?”

ఆసు పోయడమంటే చీర నేయకముందు, అడ్డంగా వేసే పేక నూలును వరుస మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ సాగదీయడం. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడాలి. పోచంపల్లి ఇళ్లలో అది ఆడవాళ్ల పని.

“నువ్వే పోసినవమ్మా,” అన్నాడు ధర్మేందర్.

“నలభై ఏండ్లు పోసిన. అందరు మీ నాయిన చీర అన్నరు. అండాలమ్మ చీర అన్నోడు ఒక్కడున్నడా? గని నా చెయ్యి ఒక్కపారి తప్పితె చీర మీది చిలక ముక్కు పోయి తోకకు అతుక్కుంటుండె. మీ నాయినకు జరమొస్తె మగ్గమెక్కి చీర దించింది గూడ నేనే. పక్కన కూసోని సూసిన కాబట్టే నాకు పనొచ్చింది.”

ధర్మేందర్ దుకాణంలో రోజూ పది చీరలు విప్పి, ‘మా నాయిన నేతంటే నేత’ అని చెబుతాడు. అమ్మ పేరు ఒక్కసారి కూడా తీయలేదు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఇప్పుడే తట్టింది. సిగ్గుతో ఆయన కళ్లు నిండిపోయాయి.

“ఒప్పుకున్ననని రాయి బిడ్డా,” అన్నాడు.

“మనసుల బాధ పెట్టుకోని చెప్తున్నవా నాన్నా?”

“రాయమంటున్న గదా! ఐదు గొడితే ఆ సీట్ల ఇంకెవరో కూసుంటరు!”

అప్పటికి టైం తొమ్మిదిన్నరే. అయినా సుచిత్ర వెంటనే పంపేసింది. సైదులు మాత్రం, “ఎడమ దిక్కు స్టీరింగ్ పెట్టినోడు ఎవడో!” అని గొణుక్కుంటూ గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

ధర్మేందర్ పోయి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. “ఏ చెయ్యమ్మా నొచ్చేది?”

అండాలమ్మ కుడి చెయ్యి చాపింది. “ఇరవై ఏండ్ల సంది నొస్తున్నది. నువ్వడుగుడు ఇయ్యాల్నే.”

మాలతి అడగకుండానే నొప్పుల మందు డబ్బా తెచ్చి ఇచ్చింది. ధర్మేందర్ తల్లి భుజం నుంచి మోచేతి దాకా మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దుతుంటే ఏడుపు ఆగలేదు. చెయ్యెత్తి కళ్లు తుడుచుకోబోయాడు.

“కండ్లకు పెట్టకురా పిచ్చోడా, చేతికి మందున్నది!” అని అరిచింది అండాలమ్మ.

అప్పటికే పెట్టేశాడు. “ఓయమ్మో!” అంటూ కళ్లు మూసుకుని లేచి, దారి తెలియక మంచానికి తగిలాడు. సుచిత్ర నవ్వుతూ ఏడుస్తూ తండ్రి పక్కకు చేరింది.

“నా చెయ్యి పట్టుకో నాన్నా. నేనున్న,” అంటూ ఆయనను కళ్లు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి నడిపించింది.