తెగని కుట్టు

ఆసుపత్రి వరండాలో నలుగురూ వింటున్నారన్న ఇంగితం కూడా లేకుండా వియ్యపురాలు కన్నకొడుకునే దులిపేస్తోంది.

"ఆర్నెల్లు పోల్చావు కదరా. ఆ కారుకి భద్రతలో ఇన్ని స్టార్లు, ఈ కారుకి ఇన్ని ఎయిర్‌బ్యాగులు అని అన్నం దగ్గర కూడా అదే పురాణం. తీరా చూస్తే నీ పెళ్ళాం పక్కనున్న బ్యాగే తెరుచుకోలేదు. వదినా, మీరైనా అడగండి వీణ్ణి."

"నా ఎంపికే తప్పమ్మా," అన్నాడు అల్లుడు తల ఎత్తకుండా.

ఆ వదిన, అంటే చిట్టి తల్లి, గాజుతలుపు వైపే చూస్తోంది. నాలుగు పక్కటెముకలు విరిగి, ఒకటి ఊపిరితిత్తిలో దిగి, ఆ గాజుతలుపు వెనక పడి ఉన్నది ఆమె ఒక్కగానొక్క బిడ్డ చిట్టి. సాయంత్రం రెండో ఆపరేషన్ అన్నారు. భర్త పోయాక కార్ల సీట్లకు కవర్లు కుట్టి పెంచుకున్న పిల్ల... అల్లుడు మాత్రం తక్కువవాడా? పెళ్ళి సంబంధానికైనా అన్ని ఆరాలు తీయరు! చవగ్గా, సోఫాల్లాంటి సీట్లతో వచ్చే కారును కాదని, పక్క బ్యాగులున్న కారే కొన్నాడు. "ముందునుంచి గుద్దితే మధ్యలో ఇంజనుంటుంది అత్తయ్యా, పక్కనుంచి గుద్దితే జానెడు తలుపే అడ్డం," అని ఆమెకు విడమరిచి చెప్పాడు కూడా. కూడలిలో వ్యాను వచ్చి గుద్దింది సరిగ్గా ఆ పక్కనే.

కారులో ఉండిపోయిన చిట్టి బట్టలసంచీ కోసం నిన్న ఆమె మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది. మెకానిక్ సీటు చూపించాడు. సీటు పక్కన దాగి ఉండే బ్యాగు ఉబ్బడం ఉబ్బిందట, కవరు లోపలే ఇరుక్కుపోయిందట. "ఈ కవరు ఎవరు కుట్టారోగానీ పెద్దమ్మా, ఏనుగు లాగినా తెగదు. బ్యాగున్నచోట పలచని దారంతో కుట్టాలి, లేదా వదిలెయ్యాలి."

కుట్టింది ఆమే! కూతురి కారు కదా అని జంటదారంతో, రెండుసార్లు కుట్టింది. సీటు పక్కన వేలాడే గుడ్డచీటీ అసహ్యంగా ఉందని లోపలికి మడిచేసింది. బ్యాగు ఇక్కడుందని చెప్పేదే ఆ చీటీ అని ఆమెకెవరు చెప్పారు?

చెబితే చిట్టి తన మొహం చూస్తుందా? చెప్పకపోతే, పాపం, ఈ పిల్లవాడు...

"బాబూ, తప్పు నీది కాదు," అందామె ఉన్నట్టుండి. "ఆ కవరు..."

"తెలుసత్తయ్యా," అన్నాడు అల్లుడు మెల్లగా. "నేనూ చూశాను. ఊరుకోండి. మొగుడి మీద కోపంతో మనిషి బతికెయ్యగలదు. తల్లి మీద కోపంతో ఎలా బతుకుతుంది?"

వియ్యపురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిట్టి తల్లికి నిలువునా దుఃఖం పొంగుకొచ్చింది. కానీ ఆగలేదు, గాజుతలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి అంతా చెప్పేసింది. పొమ్మంటే పోదామనే వెళ్ళింది.

చిట్టి మెల్లగా ఆమె వైపు తల తిప్పింది. ఊపిరి తీస్తేనే నొప్పి.

"ఇంకా... ఎన్ని కార్లకి కుట్టావమ్మా, అలా?"

పాలకేంద్రం ఆయన తెల్లకారు, కవలపిల్లల టీచరమ్మ కారు, మందులషాపు వాళ్ళది... ఒక్కొక్కటిగా తల్లి కళ్ళముందుకొచ్చాయి. "పధ్నాలుగు, తల్లీ."

"మరి ఇక్కడ నించున్నావేం?"

"సాయంత్రం నీకు ఆపరేషను కదే..."

"నాకు డాక్టర్లున్నారు." చిట్టి ఆమె వేలు పట్టుకుంది, ఒక్క క్షణం. తర్వాత తనే వదిలేసింది. "వెళ్ళమ్మా."

చిట్టిని ఆపరేషన్‌కు తీసుకెళ్ళే వేళకు ఆమె టీచరమ్మ ఇంటిముందు, కారు సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కళ్ళనీళ్ళకు దారం కనపడక వేళ్ళతో తడుముకుంటూ కోస్తోంది.

"అదేంటండీ, మంచి కుట్టు... ఇంత గట్టిగా ఉన్నదాన్ని కోసేస్తున్నారేం?" అంది టీచరమ్మ.

"గట్టిగా ఉందనే తల్లీ," అని, ఆమె రెండో సీటువైపు జరిగింది.