బైరప్ప షెడ్డులో వాన

నేను ఇంతకుముందు ఒక్క ముక్క రాసినదాన్ని కాదు. చదివింది ఐదో తరగతి. విన్నది విన్నట్టు చెప్తాను, తప్పులుంటే మీరే సర్దుకోండి.

పుంగనూరు పక్కన మా పల్లెలో, పొద్దుగూకినాక బైరప్ప పట్టుపురుగుల షెడ్డు దిక్కు ఎవరూ తొక్కరు. పురుగులు రెండుసార్లు చచ్చి మూతపడిన షెడ్డది. లోపల వాన పడతాదంట. బయట చుక్కలు మెరుస్తాంటాయి... లోపల మాత్రం వాన, దెయ్యం కురిపించే వాన. ఈ మాట చెప్పింది ఎవరో కాదు, బైరప్పే.

అట్లాంటి చోటికి మునీశ్వరి వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మను తీసుకొని పోయింది. తెల్లారితే ఆమెను కుప్పం ఆస్పత్రిలో చేర్చాల. గొంతు ఆపరేషన్. మాట తిరిగొస్తాదో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు.

అమ్మ గొంతును దాచిపెట్టుకోవాలనే మునీశ్వరి మదనపల్లెలో కెమెరా కొనింది. అంగడిలో ప్రతాప్ అనే పిల్లోడు పెద్ద కెమెరా చూపించి, "కొండమీద మేక కూడా కనపడతాదక్కా" అన్నాడు.

"అది అరిస్తే వినపడతాదా?" అనింది మునీశ్వరి, నేల చూస్తా.

ప్రతాప్ నవ్వేసినాడు. "మాట కావాలంటే మైకు నోటి దగ్గరుండాలక్కా. కెమెరా ఎంత పెద్దదైతే ఏం?" అని చిన్న కెమెరా, కొంగుకు తగిలించే మైకు, చెవులకు పెట్టుకొని వినేదీ ఇచ్చినాడు.

ఇంట్లో చూస్తే ఆవులు, ఆటోలు, టీవీ చప్పుడు. ఊర్లో చప్పుడు లేని చోటు దెయ్యముండే చోటొక్కటే!

షెడ్డు బయట, కిటికీ కింద అమ్మను కూర్చోబెట్టి కొంగుకు మైకు తగిలించింది. కెమెరా చూడంగానే ముసలామె బిగుసుకపోయింది. "నా పేరు వెంకటలక్ష్మమ్మ... వయసు డెబ్బై రెండు..." — రేషన్ కార్డుకు చెప్పినట్టు. ఇల్లెగిరిపోయేట్టు తిట్టే అమ్మ గొంతు కాదది.

అప్పుడు... మునీశ్వరి చెవుల్లో...

సర సర... సర సర...

ఆకుల మీద వాన!

పైకి చూసింది. చుక్కలు.

"అమ్మా... లేయ్. పోదాం పా."

"యాలే?"

చెవులది తీసి అమ్మకు పెట్టింది. ముసలామె వినింది... ఇంకాసేపు వినింది... ఒక్కసారిగా పకపకా నవ్వింది.

"పిచ్చిదానా! నలభై ఏండ్లు పురుగులు మేపిన చెవులే ఇవి. నాలుగో జ్వరం లేసి, పొర విడిచిన పురుగు ఆకలిగా ఆకు నములుతాండాది, అదే నీ వాన! ఒరే బైరప్పా, యాడుండావురా? బయటికి రారా దొంగనాయాలా!"

తలుపు కిర్రుమనింది. మల్బరీ ఆకు గంపతో బైరప్ప.

"మెల్లగా అత్తా... సూసిపోతామని వచ్చినోళ్ళ దిష్టికే రెండు పంటలు పోయినాయి. అందుకే దెయ్యాన్ని కాపలా పెట్టినా." కెమెరా వైపు చూసినాడు. "అది చెరిపెయ్ తల్లీ. ఊరికి తెలిస్తే ఈ పంటా పోతాది."

మునీశ్వరి కెమెరాలో పట్టిందాన్ని మళ్ళీ విని చూసింది. అమ్మ నవ్వు, తిట్టు, మధ్యలో ఎగదీసిన ఊపిరి... ఒక్క మాట మసకబారలేదు.

"చెరపను," అనింది. "చూపించను కూడా."

తెల్లారి కుప్పం బస్సుకు నిలబడితే, పాలు పోయను వచ్చిన ఆడోళ్ళు చుట్టుకున్నారు. "ఏమక్కా, రాత్రి షెడ్డు కాడ నవ్వు వినపడిందంట?"

నలుగురిలో ఎప్పుడూ నోరెత్తని మునీశ్వరి ఆ పొద్దు ఎత్తింది.

"దెయ్యం ఉండాది. నా చెవులారా విన్నా. మీరెవరూ అటు పోవాకండి."

పక్కన వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటాంటే, చెయ్యి పట్టి బస్సెక్కించింది.