అడగకూడని మాట

ఎండుచేపలు తిరగేస్తున్న అసిరమ్మ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మామ్మా, లెగు. కొత్త చీర కట్టుకో. నువ్వూ, నాన్నా, నేనూ రెండ్రోజులు విశాఖపట్నం ఎల్లొద్దాం. హోటల్ కూడా బుక్ చేసేశాను," అంది మనవరాలు హేమ. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల నిన్ననే ఊళ్లో దిగింది.

"పట్నంలో ఏటున్నాదే?"

"సముద్రం! బీచిలో తిరుగుదాం."

"మనింటెనక ఉన్నదేటి, సెరువా?"

హేమ పకపకా నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకు ధనరాజు కూడా నవ్వాడు. అసిరమ్మకి అనుమానం వచ్చింది ఆ నవ్వు చూసే.

చేపల వేట ముమ్మరంగా సాగే రోజుల్లో పడవ వదిలి షికారు పోయే మనిషి కాదు ధనరాజు. అలాంటివాడు పడవని తోటి జాలరి గంగులుకి అప్పగించాడు. కొత్త చొక్కా తొడిగాడు. పైగా నవ్వుతున్నాడు.

వాడి తండ్రి నూకయ్యా అచ్చం ఇలాగే చేశాడు. పడవ తమ్ముడికి అప్పగించి, "రెండ్రోజులు పట్నం సూసొద్దాం, రాయే," అని నవ్వాడు. మొదటి రోజు బీచిలో పుల్లఐసు కొనిపెట్టాడు. రెండో రోజు ఆసుపత్రిలో తెల్ల దుప్పటి మీద పడుకున్నాడు. కడుపులో గడ్డ ఉందన్న సంగతి ఆమెకి తెలిసింది అక్కడే. ఆ మంచం మీంచి అతను మళ్లీ లేవలేదు.

అసిరమ్మకి తెలిసిన పట్నం అంతే. ఆమె ఈడువాళ్లలో జబ్బు చెయ్యకుండా పట్నం వెళ్లినవాళ్లెవరు గనక?

నోరు తెరిచి అడిగేయొచ్చు. కానీ ఆ ఇంట్లో బయల్దేరిన మనిషిని ఎందుకని, ఎప్పుడొస్తావని అడగరు. అడిగితే సముద్రం వింటుందట. అత్త గురమ్మ పెట్టిన కట్టడి అది. ఆ రోజు నూకయ్యనీ అడగలేదు.

చేపల కాపలాకి ఉండిపోయిన కోడలు ఈశ్వరి వాళ్లని సాగనంపుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అసిరమ్మ చూడనే చూసింది. దీనికీ తెలుసన్నమాట!

రైలు చీపురుపల్లి దాటాక అసిరమ్మ పులుసన్నం డబ్బా తీసింది. ధనరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒద్దమ్మా. కడుపు కాళీగా ఉండనీ."

ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. పరీక్షలకి ముందు నూకయ్యనీ ఏమీ తినొద్దన్నారు.

హోటల్లో కౌంటరు దగ్గర ఆధార్ కార్డులు అడిగారు. లిఫ్టు దిగితే పొడుగాటి వసారా, ఫినాయిల్ వాసన, వరసగా నంబర్లున్న తలుపులు. యూనిఫాం వేసుకున్న మనిషొకడు చక్రాల బండి మీద తెల్ల దుప్పట్లు తోసుకుపోతున్నాడు. అసిరమ్మ గోడవారకి తప్పుకుంది. హేమ గది తలుపు తీసింది.

లోపల తెల్లటి మంచం. ధనరాజు చొక్కా గుండీలు విప్పుకుని, "అబ్బా," అంటూ దాని మీద వాలాడు.

"లెగరా!" అసిరమ్మ కేక పెట్టింది. "దాని మీద పడుకోకు! లెగు!" రెండు చేతులతో కొడుకుని కిందకి లాగేసింది.

"ఏటిది మామ్మా! పొద్దుట్నుంచీ మొహం మాడ్సుకునే ఉన్నావు." హేమ చేతిలోని సంచి కింద పడేసింది. "ఆఫీసులో బతిమాలితే దొరికిన సెలవు ఇది. మీతో సరదాగా ఉందామనుకోడం నా తప్పా?"

"సరదాయా? మీ తాతా సరదా అనే తెచ్చినాడే! నా కొడుక్కేటైనాదో సెప్పేయండి. ఎప్పుడు కోస్తారు?"

ధనరాజు మెల్లగా తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నాకేటీ నేదమ్మా. నీ మీదొట్టు."

"మీ అయ్యా ఆసుపత్రి మంచం మీద ఒట్టేసినాడు, తగ్గిపోద్దని."

ఆమె కొడుకు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"మరి పడవెందుకు ఒగ్గేసినావు? అన్నమెందుకు ఒద్దన్నావు?"

"దీని సిన్నప్పుడు ఒక్కనాడైనా ఎక్కడికీ తిప్పలేదు. ఇప్పుడిది నోరిడిసి అడిగితే కాదననా? ఇంజిను సామాన్లకి తప్ప పట్నం ఎరగనోణ్ణి, షికారంటే సిగ్గేసి నవ్వొచ్చినాది. అన్నమంటావా? పెద్ద హోటల్లో బిరియానీ తినిపిస్తానంది, అందుకే."

"ఈశ్వరెందుకేడిసినాది?"

హేమ వెంటనే ఇంటికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి అదే అడిగింది.

"ఎందుకా?" ఈశ్వరి గొంతు గదంతా మోగింది. "నన్ను సేపలకి కాపలా పెట్టి మీరు షికార్లు తిరుగుతారు. నవ్వమంటావేటి?"

ధనరాజు కిసుక్కుమన్నాడు. అసిరమ్మ నవ్వలేదు. కిటికీలోంచి కనిపిస్తున్న సముద్రాన్నే చూస్తోంది.

హేమ ఆమె పక్కకి చేరింది. "పొద్దున్నే అడిగేస్తే ఇంత బాధ ఉండేది కాదు కదా?"

"అడక్కూడదే."

"సముద్రాన్ని విననీ మామ్మా. అడుగు."

అసిరమ్మ పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి. మూడోసారి మాట వచ్చింది.

"ఒరే ధనరాజూ, ఇంటికి ఎప్పుడెల్తాం రా?"

"రేపు సాయంత్రం బండికి. ముగ్గురం."

అంతే. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. "మీ అయ్యనీ అడిగుంటే సెప్పేవోడేరా. సెప్పక, ఒక్కడే మోసినాడు. నానేమో పక్కన కూకొని ఆ ఐసు సప్పరించి తిన్నాను."

హేమ మామ్మ కళ్లు తుడిచింది. "పద. ఇవాళ కూడా ఐసు తిందాం."

తలుపు దాకా వచ్చి అసిరమ్మ ఆగింది. మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"హైదరాబాదు ఎల్లిపోతే మళ్లీ ఎప్పుడొస్తావే?"