మూడో విజిల్

"భయంగా ఉంటే చెప్పండి సుధామయి గారూ, వేరేవాళ్లని పంపిస్తా," అన్నాడు చీఫ్ జనార్ధనరావు, బ్రీఫింగ్ ముగిస్తూ.

"భయమేం లేదండీ," అంది ఏజెంట్ సుధామయి. పచ్చి అబద్ధం.

స్కార్‌బరోలో మూతపడ్డ బాంక్వెట్ హాల్. వేర్‌హౌస్ జాబులంటూ అరబ్ కుర్రాళ్లను పోగుచేసి, ఎక్కడో జరుగుతున్న యుద్ధంలో ముందు వరసకు తోసేస్తున్న విదేశీ ముఠా అక్కడ మకాం వేసింది. ఆ సమాచారం పంపిందెవరో ఆఫీసులో ఎవరికీ తెలియదు. సుధామయిది మెడికల్ టెస్టులు చేసే నర్సు వేషం. మైకు నల్లపూసల్లో ఉంది. కోడ్ తెలుగులో: కుర్రాళ్లు వస్తే కుక్కర్ మొదటి విజిల్, ఎయిర్‌పోర్టు వ్యాన్ వస్తే రెండోది, ముఠా నాయకుడు కర్నల్ వస్తే మూడోది. మూడో విజిల్‌కే బయట మాటేసిన పోలీసులు లోపలికి దూకుతారు.

"రిటర్న్ టికెట్ ఇస్తారా, సిస్టర్?" ఇంగ్లిష్‌లో అడిగాడు బీపీ చూపించుకుంటున్న ఇద్రీస్. సిరియా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు.

"ఇస్తారు," అంది. తను ఇప్పుడు తడబడితే ఈ పిల్లాడు శవమై కూడా తిరిగి రాడు.

బయట వ్యాన్ ఆగింది. ఇందాక కుర్రాళ్లు వచ్చినప్పటిలాగే ఇంటికి ఫోన్ చేస్తున్నట్టు, "రెండో విజిల్ వచ్చిందండీ," అంది. ఇక్కడ తెలుగు ఎవడికి తెలిసి చచ్చిందని ధీమా.

"పోరగాళ్లొస్తే ఒకటి, వ్యాన్ వస్తే రెండు. మూడోది ఎవరికో నాకు తెల్వదా అక్కా? జర ఆగు."

సుధామయి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక నుంచి వచ్చిన ఆ గొంతు మేడమ్ నూర్‌ది. పట్టు స్కార్ఫ్, ఎర్ర లిప్‌స్టిక్, తీయటి అరబ్బీ. కుర్రాళ్లను ఒప్పించి తెచ్చింది ఈమే.

అంతలో కర్నల్ వచ్చాడు. నర్సు ఇందాకటి నుంచీ ఫోన్లోనే ఉందని కాపలావాడు అతని చెవిన వేశాడు. మరుక్షణం పిస్టల్ సుధామయి నుదుటికి ఆనింది.

"ఏం వాగుతోందిది?" అని నూర్‌ను గద్దించాడు.

"వంట సంగతులు. నేను చూసుకుంటా." నూర్ సుధామయి జుట్టు పట్టి లాగింది. నల్లపూసల మీదికి వంగి, తిడుతున్నట్టే తెలుగులో అంది: "మూడో విజిల్ వచ్చింది. స్టవ్ బంద్ చెయ్యుర్రి!"

తలుపులు పగిలాయి. కర్నల్ ట్రిగర్ నొక్కేలోపు నూర్ మోచేత్తో అతని చేతిని పైకి కొట్టింది. తూటా సీలింగ్‌లోకి పోయింది.

ముఠా లాక్కున్న పాస్‌పోర్టు ఇద్రీస్‌కు తిరిగి ఇచ్చి, సుధామయి నూర్ వైపు తిరిగింది. "సమాచారం పంపింది మీరేనా? తెలుగెక్కడిది మీకు?"

"నేనే. మాది హైదరాబాద్, బార్కాస్. మా ముత్తాత అరబ్బోడే. నిజాం ఫౌజ్‌ల నౌకరీ అని ఓడెక్కించిన్రు." నూర్ లిప్‌స్టిక్ సరిచేసుకుంది. "ఆయన రిటర్న్ టికెట్ గురించి మేం ఇంకా అడుగుతనే ఉన్నం."