నూటికి నాలుగు

"నాలుగు," అంది ఆర్తిమాపకం.

వీరభద్రం ఆ అంకె చెప్పిన లోహపు పలక నుంచి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నూటికి నాలుగు. నిన్న ఆరైనా వచ్చింది. కాకినాడ రేవుకు ఎదురుగా సముద్రంలో నూట ముప్ఫై ఓడలు లంగరు వేసుకుని ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద అతని ఖాతాదారు తాలూకు నీటితొట్టి కంటైనరు పదకొండు రోజులుగా ఊగుతోంది.

రేవు ఆఫీసు హాలులో మిగతా సరుకు ఏజెంట్లు ఎవరి పలక ముందు వాళ్లు నిలబడి మాట్లాడుతున్నారు. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. ఉదయం తొమ్మిదికే ఆ గది ఆసుపత్రి వరండాలా ఉంటుంది.

ఒకప్పుడు ప్రతి సరుకు మీదా 'అత్యవసరం' అని రాసేవారు. మేకుల పెట్టె మీదా, మందుల పెట్టె మీదా అదే ముద్ర. రేవులు నిండిపోయి, ఏది నిజమో తేలక అన్నీ ఆగిపోయాయి. అప్పుడు ఆర్తిమాపకం వచ్చింది. కాగితం అబద్ధమాడుతుంది, గొంతు ఆడలేదు అన్నారు దాన్ని తయారుచేసినవాళ్లు. ఏజెంటు తన సరుకు గురించి ఒక నిమిషం మాట్లాడాలి. యంత్రం మాటలు వినదు. గొంతు వెనక ఉన్న బిగువును కొలుస్తుంది. ఎక్కువ అంకె వచ్చినవాడి ఓడ ముందు రేవులోకి వస్తుంది. నటిస్తే ఇట్టే పసిగడుతుంది. యజమానుల్ని రానిస్తే ఏడుపుల పోటీ అవుతుందని, లైసెన్సున్న ఏజెంట్లే మాట్లాడాలని నియమం పెట్టారు.

"మళ్లీ నాలుగేనాండీ?" పక్క పలక దగ్గర లాజరు నవ్వాడు. "ఇల్లంటుకుందని చెప్పినా, పర్లేదు, కాఫీ తాగొస్తానంటారండీ మీరు."

"నీకెంత?"

"ఎనభై రెండండీ. మధ్యాహ్నం రేవులో బెర్తు ఖాళీ అయితే నా మందుల ఓడే. గుండెదడకిచ్చిన బిళ్లలు మానేశానుగా. మా ఆవిడ తిడతందండీ. ఏం చేత్తాం, ఉజ్జోగం."

ఫోను మోగింది. మంగతాయారు. ఉప్పాడ దగ్గర ఆమెకు రొయ్యపిల్లల హేచరీ ఉంది.

"ఏవండీ భద్రంగారూ, మా తల్లులెలా ఉన్నాయండీ?"

తల్లి రొయ్యల్ని ఆమె అలాగే అంటుంది. సముద్రం అవతలి నుంచి ఆరు వందలు బయలుదేరాయి. తొట్టి పంపే లెక్క ఏజెంటుకే వస్తుంది. ఈ ఉదయం బతికున్నవి రెండు వందల పది.

"పర్లేదండీ," అన్నాడు భద్రం. "ఇవాళో రేపో వచ్చేస్తాయి."

"మీరు పర్లేదంటే నాకు ధైర్యమండీ. నలభైమంది ఆడోళ్లున్నారు నా దగ్గర. ఈ తల్లులు రాపోతే ఈ ఏడు గుడ్డూ లేదు, పిల్లా లేదు. తాళం పెట్టేయడమే."

"పర్లేదండీ," అన్నాడు మళ్లీ.

ఇరవై ఆరేళ్లుగా అదే అతని పని. భయపడి వచ్చినవాళ్ల ముందు గొంతును చదును చేయడం. మొదట్లో లోపల గుండె కొట్టుకుంటూ ఉండగా ఆ మాట అనేవాడు. తర్వాత మాటే లోపలికి వెళ్లి అక్కడ కూర్చుంది. అమ్మ పోయిన రోజున పలకరించడానికి వచ్చినవాళ్లకి కూడా పర్లేదనే చెప్పాడు. చెప్పాక, నిజంగానే పర్లేదనిపించింది. అలసట అంటే ఇదేనేమో అని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మధ్యాహ్నం రెండో విడత పిలుపుకు ముందు కళ్లు మూసుకుని తనలో భయం కోసం వెతికాడు. ఖాళీ కుండలో చెయ్యి పెట్టినట్టుంది. ఫోను చిన్నగా కదిలింది. తొట్టి నుంచి కొత్త లెక్క. నీళ్లలోకి గాలి ఊదే మోటారు ఆగిపోయింది. బతికున్నవి సున్నా.

లేచి పలక ముందుకు వెళ్లాడు. ఇక వరుస వదులుకోవాలి. అది కూడా మాటలు వినని ఈ పలకకే చెప్పాలి. వేరే దారి లేదు.

"మా సరుకుకి వరుస వద్దు," అన్నాడు. "తల్లులు..."

ఆ మాట దగ్గర రెండు చేతులతో పలక అంచు పట్టుకున్నాడు.

"తల్లులు చచ్చిపోయాయి."

"డెబ్బై ఒకటి," అంది ఆర్తిమాపకం.

"వద్దంటున్నాను. వెనక మందుల ఓడ ఉంది, దాన్ని రానీ."

"తొంభై."

"వినవేం! చచ్చిన రొయ్యలు! ఎవరికి కావాలి ఇప్పుడు?"

"తొంభై ఎనిమిది. బెర్తు కేటాయించబడింది."

హాలంతా ఇటు తిరిగింది. లాజరు ముఖం పాలిపోయింది.

"ఎక్కడ దాచారండీ ఇంతకాలం?" అన్నాడు మెల్లగా. "పొద్దున్నే తియ్యొచ్చుగా..."

అద్దాల అవతల, దూరంగా ఒక ఓడ లంగరు ఎత్తుతోంది. దాని ముక్కు నెమ్మదిగా రేవు వైపు తిరిగింది. మందుల ఓడ ఉన్నచోటే ఉండిపోయింది.

ఫోను మోగింది.

"భద్రంగారూ! బెర్తు వచ్చేసిందంట కదండీ, ఇప్పుడే మెసేజి!" మంగతాయారు వెనక లారీ చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు. "డ్రమ్ముల్నిండా ఉప్పునీళ్లు పట్టేసుకుని బయల్దేరిపోయామండీ. మీరు పొద్దున్నే చెప్పారుగా పర్లేదని. తల్లులు బానే ఉన్నాయి కదండీ?"

భద్రం నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట కోసం వెతికాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, అది రాలేదు.